మామను మోసుకెళ్ళిన పండగ రోజు

పెద్ద ఊరేగింపు పండగ రోజు పొద్దున్న నేను పొయ్యి దగ్గర కూర్చుని, నానేసిన ఎండు దుంపల్లోంచి నీళ్ళు పిండుతున్నాను. బయట మంచు ఇంకా కరగలేదు. ఇళ్ళ గడ్డికప్పులన్నీ తెల్లగా ఉన్నాయి. చర్చి ముందు మంట పెట్టి డప్పులు కాపుతున్నారు. కాలుతున్న గడ్డి వాసన మా ఇంటిదాకా వస్తోంది.

మా అత్త ఇనెస్ గొర్రెతోలు మీద కూర్చుని కోకా ఆకు నములుతోంది. పొగకు ఆమె కళ్ళు ఎప్పుడో మసకబారాయి. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది కానీ, ముఖం ఆనదు.

"ఇవాళే," అంది.

నా మొగుడు అగుస్తీన్ తాడు పేనుతూ తలెత్తలేదు. "పట్టపగలా అమ్మా?"

"ఊరంతా ఊరేగింపు వెంట వాగుదాకా పోతుంది. చర్చి ఖాళీగా ఉండేది ఏడాదికి ఆ ఒక్కపూటే. మీ నాన్న మళ్ళీ అడిగాడు."

అగుస్తీన్ నావైపు చూశాడు. నేను దుంపలవైపు చూశాను.

మా మామ పోమా మా పెద్దల్ని చూసుకునేవాడు. పెద్దలంటే మా వంశంలో పోయినవాళ్ళు. మొత్తం తొమ్మిదిమంది. పాతూరి పైన గుహలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఎండి, బట్టలు కట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు. విత్తనాలకు ముందు మామ వాళ్ళకు మొక్కజొన్న కల్లు పోసి, కోకా పెట్టి, ఊరి సంగతులు చెప్పి వచ్చేవాడు. రాజుగారి మనుషులు మమ్మల్ని పాతూరి నుంచి దింపి, గీత గీసినట్టున్న ఈ కొత్త వీధుల్లో పెట్టి, సాన్ ఉర్బానో అని పేరు పెట్టాక కూడా దొంగచాటుగా వెళ్ళొస్తూనే ఉన్నాడు.

మూడేళ్ళ క్రితం అప్పటి ఊరి పాద్రి అల్దానాకు ఆ గుహ సంగతి తెలిసింది. తొమ్మిదిమందినీ దింపించి, మైదానంలో పేర్చి కాల్చాడు. బూడిద ఏట్లో కలిపించాడు. మామకు జుట్టు గొరిగించి, చొక్కా విప్పించి, వీధి వీధికీ ఆపి కొట్టించాడు. నలభై రోజులు మంచంలో ఉండి మామ పోయాడు. "చర్చి గుమ్మంలో పూడ్చండి, వచ్చేపోయేవాళ్ళు తొక్కుతారు," అన్నాడు పాద్రి. ఏడాది తిరక్కుండా ఆ గుమ్మంలో రాతిపలకలు పరిపించాడు. అక్కడి ఎముకల్ని తీయించి లోపలే ఎక్కడో పాతించాడు. ఎక్కడో ఎవరికీ చెప్పలేదు. తర్వాత కొన్నాళ్ళకు ఆయనా లోయలోని మఠానికి వెళ్ళి, జ్వరమొచ్చి అక్కడే పోయాడని కబురొచ్చింది. ఎవరూ ఏడవలేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నుంచే అత్తకు మాట వినిపించడం మొదలైంది. చర్చిలో ఆడవాళ్ళం నేలమీద కూర్చుంటాం. ఆమె అరచెయ్యి నేలకు ఆనించి వంగి వినేది. "పిచ్యూ," అని పిలుస్తాడట. పిచ్యూ అంటే చిట్టిపిట్ట. వాళ్ళిద్దరే ఉన్నప్పుడు తప్ప మామ ఆమెను అలా పిలిచేవాడు కాదు. అగుస్తీన్‌కు కూడా ఆ పేరు తెలియదు. "పిచ్యూ, మట్టి బరువుగా ఉంది. నన్ను పైకి తీసుకుపో."

ఎక్కడున్నాడో కూడా చెప్పాడట. పీఠం మెట్టుకు ఎడమ పక్క, మోకాలి లోతున.

బయట కర్ర చప్పుడైంది. మా అన్న గాస్పర్. పాద్రి తరఫున ఊళ్ళో హాజరు చూసేది వాడే. చేతిలో వెండి పొన్ను వేసిన కర్ర, నడుముకు మనుషుల లెక్క ముడులేసిన తాడు.

"ఏమ్మా చెల్లీ, ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నావా? దేవుడు నీ దుంపలు ఉడికేదాకా ఆగుతాడా?"

"వస్తున్నాం అన్నా. అత్తకే ఒంట్లో బాగోలేదు."

"పండగొస్తే చాలు మీ అత్తకు జ్వరమొస్తుంది. పెళ్ళివిందుకి మాత్రం నాకంటే ముందు కూర్చుంటుంది."

"ఆ కర్ర ఇలా ఇచ్చి నువ్వొచ్చి ఈ తోలు మీద పడుకోరా గాస్పర్," అని లోపల్నుంచి అంది అత్త. "జ్వరం ఎవరికుందో ఊరే చెబుతుంది."

అన్న నవ్వాడు. వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి నాతో అన్నాడు. "కొత్త పాద్రికి మన భాష రాదు. ఏది చెప్పినా నేనే చెప్పాలి. కాబట్టి నాచేత చెప్పించే పనులు చెయ్యకండి."

ఊరేగింపు కదిలింది. నేనూ అగుస్తీన్ అన్నకు కనపడేలా నిలబడి, దారిలో వేసిన మొదటి పందిరి దగ్గర జనంలోంచి జారి, గోడల వెనకగా చర్చికి వచ్చాం. అత్త అప్పటికే పీఠం దగ్గర మోకాళ్ళ మీద ఉంది. మైనం, సాంబ్రాణి, పాతమట్టి కలిసిన వాసన. కిటికీలోంచి ఎండ ఒక పలకలా నేలమీద పడింది. డప్పులు వాగువైపు పోతున్నాయి.

అగుస్తీన్ గడ్డపలుగు వేశాడు. నేల గట్టిగా ఉంటుందనుకున్నాం. కానీ ఎవరో నిన్ననే తవ్వి పూడ్చినట్టు మెత్తగా వచ్చింది. మోకాలి లోతు దిగేసరికి ముతకగుడ్డ తగిలింది.

చర్చిలో పూడ్చేవాళ్ళను వెల్లకిలా పడుకోబెడతారు. గుడ్డలో ఉన్న మనిషి మాత్రం కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, మా పెద్దలు కూర్చున్నట్టు.

"తనంతట తనే లేచి కూర్చున్నాడు," అంది అత్త. ఆమె బుగ్గలు తడిశాయి.

నేను ముఖం మీది గుడ్డ తొలగించబోతే చెయ్యి పట్టుకుంది. "వద్దు. తన చోట కూర్చోబెట్టేదాకా వెలుగు చూపించకూడదు."

గుంట పూడ్చి, పాదాలతో తొక్కి, మూటను తాళ్ళతో బిగించి వెనక గుమ్మంలోంచి తెచ్చాం. మోతకు మా లామాను కట్టి ఉంచాం. ఎన్ని దుంపల బస్తాలు వేసినా నోరెత్తని జీవం అది. మూట వీపుకు తగలగానే మోకాళ్ళ మీద కూలబడింది. చెవులు వెనక్కి వాల్చి, అగుస్తీన్ ముఖం మీద ఉమ్మి, పలుపు తెంపుకుని పారిపోయింది.

అత్తను ఎత్తుకోక తప్పదు. ఆమె ఆ కొండ ఎక్కలేదు. అగుస్తీన్ తల్లిని వీపున వేసుకున్నాడు. నేను దుప్పట్లో మూటను కట్టుకుని, ముడి రొమ్ముమీద బిగించాను. తేలిగ్గానే ఉంది. ఎండిన గడ్డిమోపంత.

మిట్టమధ్యాహ్నం ఎండ. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. కొండమీద మా అడుగుల కింద రాళ్ళు జారే చప్పుడు తప్ప ఏమీ లేదు. పాతూరి మొండిగోడల దగ్గరికి వచ్చేసరికి డప్పులు కూడా వినపడటం మానేశాయి.

అక్కడ మొదటిసారి మూట బరువు తెలిసింది.

గొర్రెపిల్లంత... ఇంకొంత దూరం పోయాక గొర్రెంత. భుజాలు కోసుకుపోతున్నాయి. ఆగి ముడి సర్దుకున్నాను. అప్పుడు నా మెడ వెనక వెచ్చగా తగిలింది. ఊపిరి.

"పిచ్యూ..."

గుడ్డలోంచి, మెల్లగా. మామ గొంతే. ముందు నడుస్తున్న అగుస్తీన్ ఠక్కున ఆగాడు. అతని వీపుమీద అత్త చిన్నపిల్లలా నవ్వింది.

"విన్నారా? నేను పిచ్చిదాన్నన్నారు కదా!"

మామే. నాకు ఏడుపొచ్చింది. ఆ బరువు అంతా ఓర్చుకుని మళ్ళీ నడిచాను. పది అడుగులు వేశానో లేదో, ఇంకా మెల్లగా, నా చెవికి మాత్రమే అందేలా...

"లియొనోర్."

మామ బతికుండగా నన్ను ఆ పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. చర్చిలో పెట్టిన పేరు ఆయన నాలుక మీదికి రానిచ్చేవాడు కాదు. నా పాత పేరుతో చుంపీ అనేవాడు, లేదంటే కోడలా అనేవాడు. చచ్చినవాళ్ళకు అన్నీ తెలుస్తాయంటారు. నేను చేసింది ఆయనకు తెలిసిపోయిందని, అందుకే పరాయిదాన్ని పిలిచినట్టు పిలిచాడని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నడిచాను.

గుహలో చలి. ఎండలోంచి లోపలికి అడుగు పెడితే నీళ్ళలో దిగినట్టే. గోడ పొడవునా తొమ్మిది రాతిపీటలు, ఖాళీగా. చివర పదోది మామ బతికుండగానే తనకోసం పెట్టుకున్నాడు. మూటను దానిమీద దించాను. దించాక కూడా నా వీపుమీద బరువు పోలేదు.

అత్త కల్లుకుండ పక్కన పెట్టుకుంది. కోకా ఆకులు ఏరి పట్టుకుంది. చూపు ఆనదు కాబట్టి చేత్తో తడుముతూ ముఖం మీది గుడ్డ విప్పింది. నుదురు తడిమింది. కళ్ళ గుంటలు. ముక్కు. చెంపలు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"లియొనోర్," అంది. "ఇదేంటి?"

గడ్డం.

పొడవుగా, మట్టి పట్టి, ఎర్రగా ఉన్న గడ్డం. మా మామకు గడ్డం లేదు. మా మగవాళ్ళెవరికీ అంత గడ్డం రాదు. నడినెత్తిన, పాద్రులకు గొరిగినట్టు, గుండ్రంగా గొరిగి ఉంది.

నేను వెనక్కి జరిగాను. అగుస్తీన్ నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది, మాట కాదు.

పెదవులు కదలడం నేను చూశాను. ఎండి, పళ్ళకు అంటుకుపోయిన పెదవులు...

"ఇంకేముంది, బిడ్డా?"

ఇప్పుడు మామ గొంతు కాదు. పాద్రి అల్దానాది. మా భాష మాకంటే చక్కగా మాట్లాడేవాడు ఆయన. వచ్చిన మొదటి ఏడాదంతా ముసలమ్మల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. పిల్లల్ని నిద్రపుచ్చే మాటలు, మొగుడూపెళ్ళాల చాటుమాటలు, తిట్లు, అన్నీ. మేం పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనంలో చెవి మాకు ఆనించి, ఎంత చెప్పినా చివర అదే అడిగేవాడు. ఇంకేముంది, బిడ్డా?

పిచ్యూ అనే పేరు కూడా అత్త దగ్గర అలాగే తీసుకున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. అత్తకూ అర్థమైందని ఆమె భుజాలు చూస్తే తెలిసింది.

"ఎవర్ని అడుగుతున్నాడు?" అంది అత్త, గుసగుసగా.

ఆ పెదవులు మళ్ళీ కదిలాయి. ఈసారి వచ్చింది నా గొంతు. పంతొమ్మిదేళ్ళప్పటి నా గొంతు, ఏడుస్తూ.

"పాద్రీ... నా బిడ్డ జ్ఞానస్నానపు నీళ్ళు పోయకముందే పోయింది. చీకట్లో ఉందన్నారు. మీరు జపం చేస్తే వెలుగులోకి వస్తుందన్నారు. చెబుతాను... పాతూరి పైన, మూడు నల్లరాళ్ళ వెనక గుహ. మామ అమావాస్యకు వెళ్తాడు..."

ప్రతి ముక్కా. నా వెక్కిళ్ళతో సహా.

అత్త నావైపు తిరిగింది. ఆ మసక కళ్ళు నన్ను వెతికాయి.

"బిడ్డకోసమా?"

"బిడ్డకోసమే అత్తా."

"జపం చేశాడా?"

ఆ మాట నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

ఆమె చేతిలో ఉన్న కోకా ఆకులన్నీ ఆ నోట్లో కుక్కి, అరచేత్తో గట్టిగా మూసింది. లోపల గొంతు ఇంకా కదులుతూనే ఉంది. కొంత నాది, కొంత మామది, కొంత ఎవరిదో పసిపిల్లది.

"బంకమట్టి తెండి," అంది. "ఊట దగ్గరి తడిమట్టి. వీడి నోరు నింపాలి. మీరొచ్చేదాకా నేను మూసి పట్టుకుంటా."

"అమ్మా, నువ్వొక్కదానివే..."

"చెయ్యి తీస్తే మళ్ళీ పిలుస్తాడురా. మీ నాన్న గొంతుతో పిలుస్తాడు. నేను పలికేస్తాను. పరిగెత్తండి."

పరిగెత్తాం. ఊట కొండ మలుపులో ఉంది, పిలిస్తే పలికేంత దూరం. చేతులతో మట్టి తవ్వి దుప్పట్లో వేస్తున్నాం. గోళ్ళ కింద మంచునీళ్ళు. అగుస్తీన్ నావైపు చూడకుండా అడిగాడు.

"నిజమేనా?"

"నిజమే."

అతను మళ్ళీ తవ్వాడు. ఆ రోజు నుంచి చచ్చేదాకా, ముప్పై ఏళ్ళు నాతో కాపురం చేశాడు, నా చేతి కూడు తిన్నాడు. నన్ను పేరు పెట్టి మాత్రం పిలవలేదు.

మట్టి మోసుకుని గుహ దగ్గరికి వచ్చేసరికి పొద్దు కొండ అంచున ఉంది. ఎర్రటి ఎండ నేరుగా లోపలికి పడుతోంది.

"అమ్మా..."

అత్త అలాగే కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద, వెన్ను నిటారుగా, కుడిచెయ్యి చాచి. అరచెయ్యి ఒక నోటిమీద ఆనించినట్టు వంపు తిరిగి ఉంది.

ఆ అరచేతి కింద ఏమీ లేదు.

రాతిపీట మీద ముతకగుడ్డ పడి ఉంది. తాళ్ళు దాని చుట్టూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్క ముడి విప్పలేదు. ఒక్క పోగు తెగలేదు. ముట్టుకుంటే అత్త ఒళ్ళు రాయిలా చల్లగా ఉంది. ఆమె పెదవుల మధ్య ఒక పచ్చి కోకా ఆకు అంటుకుని ఉంది. ఆమె తన నోట్లోవి ఎప్పుడో ఊసేసింది. అది ఎక్కడిదో...

అగుస్తీన్ ఆ ఆకు తీసి పారేశాడు. ఆమెను ఆ గుహలో ఉంచడానికి మాకిద్దరికీ మనసొప్పలేదు. చర్చిలో పూడ్చడానికీ ఒప్పలేదు. ఊట పక్కన తవ్వి, కూర్చోబెట్టి, మేం తెచ్చిన మట్టే కప్పాం.

చీకటి పడుతుండగా ఊరి అంచుకు చేరితే అన్న గాస్పర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా చేతుల మట్టి చూశాడు. అత్త ఏదని అడగలేదు.

"పీఠం పక్క నేల సరిగా తొక్కలేదు మీరు," అన్నాడు. "నేను సరిచేశాను."

"అన్నా, పాద్రి అల్దానాను ఎక్కడ పూడ్చారు?"

"మఠంలో. ఈ కొత్తాయనే దగ్గరుండి మట్టి వేశాడట. ఏం?"

ఏమీ లేదన్నాను. వాడు నా ముఖం చూసి కర్ర చేతులు మార్చుకున్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

తర్వాత ఎనిమిది నెలలు ఏమీ జరగలేదు. అత్త జ్వరంతో పోయిందని అన్నే చర్చి చావుల పుస్తకంలో రాయించాడు. చర్చిలో నేలలోంచి ఎవరూ మాట్లాడలేదు. నేను చాలాసార్లు చెయ్యి ఆనించి చూశాను.

వానలు వెలిశాక కొత్త పాద్రి మంచుకొండల అంచున ఉండే గొర్రెల కాపరుల దగ్గరికి బయల్దేరాడు. ఆరు గుడిసెలు. వాళ్ళు ఏనాడూ కిందికి దిగలేదు. రాజుగారి మనిషి కానీ, పాద్రి కానీ అంత పైకి ఎక్కలేదు. అన్న దుబాసీగా వెంట వెళ్ళాడు. నాలుగోరోజు తిరిగొచ్చి, మా గుమ్మంలో కూర్చుని నీళ్ళడిగాడు. కర్ర వాడి దగ్గర లేదు. ఎక్కడ పడేశావంటే చెప్పలేదు.

"మేం వెళ్ళేసరికి గుడిసెల ముందు అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు చెల్లీ," అన్నాడు. "జపాలన్నీ చెబుతున్నారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎవరు నేర్పారంటే, సాయంత్రాలు ఒకాయన వస్తాడన్నారు. గడప దాటడట. బయటే కూర్చుని, ఇంకేముంది బిడ్డా అంటూ అన్నీ అడుగుతాడట, వీళ్ళు అన్నీ చెబుతారట. పాద్రి ఏడ్చాడు. అద్భుతం జరిగిందని పట్నానికి ఉత్తరం రాస్తున్నాడు."

చెంబు ఎత్తాడు కానీ తాగలేదు. నీళ్ళు వాడి మోకాళ్ళ మీద ఒలుకుతున్నాయి.

"ఒకామె ఒళ్ళో పసిగుడ్డు ఉంది. మూడు నెలలు కూడా ఉండవు. వాళ్ళంతా జపం అందుకోగానే అది తల్లిరొమ్ము వదిలేసి ఇటు తిరిగింది. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. వాళ్ళతో పాటు పెదవులు కదిపింది... చివరిదాకా."